బొట్టు చూడని ఆట

కూరగాయల పడవ మేడ మెట్లకు ఆనుకోగానే జనం మూగారు. హైమావతి సంచి పట్టుకుని కిందికి దిగేసరికి ఆ మూక తనంతట తానే చీలి దారి ఇచ్చింది. తప్పుకోమని ఎవరూ ఎవరితోనూ అనలేదు. ఆమె నుదుటి మీద మనసుబొట్టు కుంపట్లో బొగ్గులా కణకణలాడుతోంది. పొద్దున్నే అలాంటి బొట్టుతో వచ్చిన మనిషికి అడ్డంగా నిలబడటం ఎవరికి మాత్రం ఇష్టం?

కూరలమ్మే నాగరత్నం ఆమె నుదుటికేసి ఒకసారి చూసి, బేరమాడకుండానే గోంగూర కట్టలు సంచిలో పడేసింది.

"నిన్నా కుంపటే, ఇవాళా కుంపటే. ఏంటమ్మా సంగతి?"

"ఏం లేదు. వంకాయలు లేతవేనా?"

"నోరు ఏం లేదంటోంది. నుదురు కూడా ఆ మాట అనాలి గదా. పక్కింటావిడేనా?"

హైమావతి ఒక వంకాయ చేతిలోకి తీసుకుంది. జవాబు చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. పక్కింటావిడ అన్న మాట చెవిన పడగానే బొట్టు ఇంకో ఛాయ ఎక్కింది. నాగరత్నం చూసింది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళూ చూశారు. చూసి, ఏమీ ఎరగనట్టు టమాటాలు ఏరుకోసాగారు.

సముద్రం ముందుకొచ్చి బందరు ఊరు స్తంభాల మీదికి ఎక్కి ఎంతకాలమైందో, మనసుబొట్టు మనుషుల నుదుటికి ఎక్కి దాదాపు అంతకాలమైంది. కందిగింజంత బిళ్ళ అది. ఈడొచ్చిన పిల్లకీ పిల్లాడికీ బొట్టుశాలలో అంటిస్తారు. ఇక కాటికి వెళ్ళేదాకా ఊడదు. లోపల ఏముందో ఆ బొట్టుశాల వాళ్ళకే తెలియాలి. బయటికి కనబడేవి మాత్రం నాలుగైదు రంగులే. మనసు నెమ్మదిగా ఉంటే నీలం, భయపడితే తెలుపు, దుఃఖానికి బూడిదరంగు, సంతోషానికి బంగారం. కడుపుమంటకి నిప్పురంగు.

దాన్ని తయారుచేసినవాళ్ళు మొదట్లో ఒక మాట గట్టిగా చెప్పారట. ఎదుటి మనిషి మనసు కళ్ళకి కనబడుతున్నప్పుడు అనుమానానికి చోటుండదు, అనుమానం లేని ఇంట్లో కడుపుమంట పుట్టదు అని. చాలామట్టుకు వాళ్ళ మాటే నిలిచింది. కోర్టుల్లో జనం పలచబడ్డారు. పెళ్ళిచూపులు కాఫీ చల్లారేలోపే తేలిపోతున్నాయి. బాగున్నారా అని ఒకరినొకరు అడగడం మానేశారు. బాగున్నదీ లేనిదీ నుదుటి మీదే కనబడుతుంటే అడగడమెందుకు? బొట్టును గుడ్డతో కప్పుకోవడం మాత్రం పెద్ద తప్పు. అబద్ధం ఆడినంత తప్పు. చావు జరిగిన ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఆ వెసులుబాటు లేదు.

అందుకని హైమావతి అందరి ముందూ అలా మండుతూనే తిరగాల్సి వచ్చింది.

ఆమె భర్త పాండురంగం జీవితమంతా పడవ ట్రాము నడిపి, ఈమధ్యనే పని మానుకున్నాడు. నీలంబొట్టు మనిషి. పప్పులో ఉప్పు సరిపోయినా నీలమే, సరిపోకపోయినా నీలమే. ఆమె కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే "బాగుంది" అంటాడు, నుదురు మాత్రం నీలం. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో ఒకసారి బంగారం మెరిసినట్టు గుర్తు, అది నిజంగా చూసిందో కలగందో కూడా ఆమెకి సరిగ్గా తెలియదు. నీలంబొట్టు మొగుడు దొరకడం అదృష్టమని చుట్టాలందరూ అనేవాళ్ళు. ఆమె కూడా అదే అనుకుని సంసారం చేసింది.

పక్క వాటాలోకి సువర్చల వచ్చేదాకా.

సువర్చల పెడనలో అద్దకం పని చేసి మానేసిన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. ముడిలో ఎప్పుడూ కనకాంబరాలుంటాయి. సామానుతోపాటు ఒక చెక్క చదరంగం బల్ల తెచ్చుకుంది. వచ్చిన వారంలోనే వరండాలో దాన్ని పరిచి, "అన్నయ్యగారూ, చదరంగం వచ్చా మీకు?" అంది.

"ట్రాము షెడ్డులో ఆడేవాణ్ణమ్మా, ఎప్పుడో."

ఆ సాయంత్రం హైమావతి వంటింట్లో కాఫీ కలుపుతుంటే బయటినుంచి నవ్వు వినిపించింది. తన మొగుడి నవ్వే. గ్లాసు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. సువర్చల ఇటు వీపు పెట్టి కూర్చుంది. కనకాంబరాలు తప్ప ఆవిడ మొహం కనబడటం లేదు. ఆవిడకి ఎదురుగా, తలుపు వైపు మొహం పెట్టి పాండురంగం. ఆ నవ్వు విన్నప్పుడే హైమావతి గుండెలో ఏదో చురుక్కుమంది. అతను తలెత్తి చూశాడు. ఆమె చూస్తుండగానే అతని నుదుటి నీలం అంచుల నుంచి కరిగి, మబ్బు తొలగిన పొద్దులా బంగారమైపోయింది.

కాఫీ చేతి మీద ఒలికింది. ఆ చురుకు కూడా ఆమెకి తెలియలేదు.

ఇన్నేళ్ళు వండిపెట్టి, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని, షర్టు గుండీలు కుట్టిన తనకి ఎప్పుడూ దక్కని రంగు. నిన్నగాక మొన్న వచ్చిన ఆవిడ, ఒక చెక్కబల్ల పరిచి, దక్కించుకుంది.

అప్పటినుంచి రోజూ అదే తంతు. సాయంత్రమయ్యేసరికి వరండాలో బల్ల. హైమావతి ఏదో వంకతో తలుపు దగ్గరికి వచ్చేది. చాట పట్టుకుని ఒకరోజు, తడి బట్టలు పట్టుకుని ఒకరోజు. ఏ వంకా దొరకనిరోజు తలుపు గొళ్ళెం తుడుస్తూ నిలబడేది. ఎప్పుడు వచ్చినా అతని నుదుటి మీద ఆ బంగారమే. చూడకుండా ఉండలేదు, చూసి నిలవలేదు.

"ఏముందండీ ఆ ఆటలో అంత?" అని ఒకరోజు అన్నం పెడుతూ అడిగింది.

"కాలక్షేపం, హైమా."

"నాకూ నేర్పకూడదూ?"

అతను ఆమె నుదుటికేసి చూశాడు. అతని బొట్టు ఒక్క క్షణం మెరిసింది. "నీకెందుకులే ఇప్పుడు," అని అన్నం కలుపుకున్నాడు.

ఆవిడ ఆట తలచుకున్నా చాలు, వెలిగిపోతున్నాడు అనుకుంది హైమావతి. చదరంగం నేర్చుకుని తీరాలని ఆ అన్నం దగ్గరే ఒట్టు పెట్టుకుంది. ఆ బల్లకి ఇటువైపు తను కూర్చోవాలి. ఆ రంగు తనని చూసి రావాలి. ఆమెకి కావలసింది అంతే.

కానీ ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? ఎవరి ముందు కూర్చున్నా నుదుటి మీద కుంపటి చూస్తారు. ఈవిడ ఎందుకు నేర్చుకుంటోందో మేడ మేడంతా చెప్పుకుంటారు. ఆమె మండటం చూడలేని మనిషి ఆ మేడలో ఒక్కడే ఉన్నాడు. పై అంతస్తులో ఉండే భుజంగరావు మాస్టారు. పుట్టుగుడ్డి.

పాండురంగం భోజనం చేసి నడుం వాల్చిన వేళ ఆమె పైకి వెళ్ళింది. ఆయన చేగోడీ నములుతూ తలుపు తీశాడు.

"ఎవరమ్మా? ఎలా ఉన్నావు?"

హైమావతి గడప మీదే ఆగిపోయింది. ఆ ప్రశ్న చిన్నప్పుడు నాయనమ్మ నోట విన్నదే, మళ్ళీ వినలేదు. "బాగానే ఉన్నాను," అంది, అది అబద్ధమని ఆయనకి తెలియదన్న ధైర్యంతో. "చదరంగం నేర్చుకోవాలి మాస్టారూ."

"అందరూ అలాగే వస్తారు. నెలలోపు మానేస్తారు. కూర్చో."

ఆయన బల్లకి గడిగడికీ చిన్న చిల్లు, పావులకి కింద మేకు. తడిమి చూసినా కదలవు. పావులు ఎలా నడుస్తాయో ఆమెకి వచ్చినంతవరకు చెప్పించుకుని, "ఆడు," అన్నాడు. హైమావతి బంటును జరిపి, వెంటనే మంత్రిని బయటికి లాగి, ఎదుటి పావుల మీదికి ఉసిగొల్పింది. నాలుగైదు ఎత్తుల్లో ఆ మంత్రి ఆయన గుర్రం కింద పడింది.

ఆయన వేళ్ళతో బల్లంతా తడిమి నవ్వాడు. "మంత్రి ఒంటరిగా వీధిన పడిందేం? ఎవరింటి మీదికమ్మా, తగువుకి?"

హైమావతి గతుక్కుమంది. ఈయనకి కళ్ళు లేకపోవడం వల్ల లాభమేమీ లేదనిపించింది.

"తగువుకి వెళ్ళేముందు ఇంట్లోవాళ్ళని లేపు. గుర్రాలు పడుకునే ఉన్నాయి, శకటులు పడుకునే ఉన్నాయి. ముందు వాటిని బయటికి తీసుకురా. రాజుకి కోట కట్టి లోపల కూర్చోబెట్టు. మంత్రిదేముంది, పిలిస్తే వస్తుంది."

మర్నాడు ఆయన పావులన్నీ పీకేసి రెండు రాజుల్నీ ఒక్క బంటునీ మిగిల్చాడు.

"ఇదేంటి మాస్టారూ, ఆట అయిపోయాక మిగిలేది కదా ఇది?"

"అందుకే ముందు ఇది నేర్చుకోవాలి. చివర ఎలా ఉండాలో తెలియనిదే మధ్యలో ఏం కొట్టించుకోవాలో ఎలా తెలుస్తుంది? ఇదిగో, రెండు రాజులూ మధ్యన ఒక గడి వదిలి ఎదురెదురుగా నిలబడ్డాయి. ఎవరి బలమెక్కువ?"

"సమానమే కదండీ."

"కాదు. ఎత్తు ఎవరిదైతే వాడు పక్కకి తప్పుకోవాలి. ఊరికే నిలబడి ఉంటానంటే చదరంగం ఒప్పుకోదు. కదలాల్సినవాడే ఓడతాడు. ఎత్తు ఎవరిదో చూసుకోవడం మర్చిపోకు."

వారాల తరబడి ఆ ఒక్క బంటుతోనే గడిపించాడు. తర్వాత ఏనుగుతో ఆటకట్టు, ఆ తర్వాత మిగతావి. ఆమె చేతికి తొందరెక్కువ. ఆయన ఎత్తు వెయ్యగానే పావు పట్టేసుకునేది. ఆ చప్పుడు విని, "చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చో," అన్నాడు. "ఎదుటివాడు ఎత్తు వెయ్యగానే నేనేం వెయ్యాలి అని తమని తాము అడుగుతారు అందరూ. అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, వాడెందుకు వేశాడు అని. ఆ గుర్రం నిన్నటిదాకా అక్కడ లేదు, ఇప్పుడెందుకొచ్చింది? దాని చూపు ఎవరి మీద? అది తెలిశాక చేతులు బయటికి తియ్యి."

ఇది హైమావతికి చెప్పి నేర్పాల్సిన విద్య కాదు. సువర్చల ఇవాళ ఎందుకు కనకాంబరాలు పెట్టుకుంది, పచ్చడి గిన్నె ఎందుకు పంపింది, అన్నయ్యగారూ అని అంత సాగదీసి ఎందుకు పిలిచింది అని నెలల తరబడి నిద్ర మానుకుని సాధన చేసిన మనిషి. ఆ బుద్ధినంతా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎదుటి పావు కదిలితే చాలు, దాని మీద లేనిపోని అనుమానాలన్నీ పడేది. సగానికి సగం నిజమయ్యేవి.

ఓడిన ఆటని మళ్ళీ మొదటినుంచి చెప్పమనేవాడు మాస్టారు. మొదట్లో గుర్తుండేది కాదు. "తగువు చెప్పినట్టు చెప్పు," అన్నాడు. ఇక ఆమెకి అడ్డు లేకపోయింది.

"మీరు శకటుతో వచ్చి అదోలా అన్నారు. నేనూరుకోకుండా బంటుతో నాలుగు దులిపాను. మీరు గుర్రాన్ని తెచ్చి మధ్యలో పెట్టారు. అక్కడ ఊరుకుంటే సరిపోయేది, ఊరుకోలేక ఏనుగుతో ఒక మాటన్నాను."

"అదీ. అక్కడ తప్పింది. ఓడింది చివర్లో కాదు, ఆ మాట అన్నప్పుడే."

కొన్ని నెలలు పోయాక ఆయన ఆమెని కింది సావిడికి పంపాడు. సాయంత్రాలు అక్కడ ఆడామగా చేరి చదరంగమాడతారు. "నాతో ఆడితే నా తప్పులే నేర్చుకుంటావు. నీకన్నా గట్టివాళ్ళతో ఆడి ఓడిరా."

సావిడిలో ఆట చూసి ఆమె ఆశ్చర్యపోయింది. ఎవరూ బల్లకేసి చూడటం లేదు. ఒక వేలు పావు మీద ఆనించి, కళ్ళు ఎదుటివాడి నుదుటి మీద పెడతారు. ఆ బొట్టు తెల్లబడిందా, సరైన ఎత్తన్నమాట, వేసేస్తారు. బంగారం మెరిసిందా, వేలు తీసేసి ఇంకో పావు మీద ఆనిస్తారు. దానికి బొట్టాట అని పేరు కూడా ఉంది. ఏళ్ళ తరబడి ఆడుతున్నవాళ్ళు కూడా అలాగే ఆడుతున్నారు, ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు.

హైమావతికి ఆ ఆట చేతకాదు. ఇంటి దగ్గర ఒక నుదుటి మీద బంగారం చూసిచూసి, ఇప్పుడు ఎవరి నుదురు చూడాలన్నా ఒళ్ళు మండుతోంది. తల వంచుకుని బల్లనే చూస్తూ కూర్చునేది. ఇక ఆమె నుదురు చూసినవాళ్ళకి అంతా నిప్పే. ఆ మంటలో భయం తెలుపూ కనబడదు, సంతోషం బంగారమూ కనబడదు. ఏ పావు మీద వేలు పెట్టినా అదే కుంపటి.

"ఈవిడతో ఎలా ఆడాలి బాబూ? పొయ్యి ముందు కూర్చున్నట్టుంది," అన్నాడొకాయన, మంత్రి పోగొట్టుకుని.

"బల్ల చూసి ఆడండి," అంది హైమావతి తల ఎత్తకుండానే.

కుంపటమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే ఆమె ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయింది. ఇంటికొచ్చి స్నానం చేస్తున్నా, బియ్యం కడుగుతున్నా గుర్రాల నడకే కళ్ళలో ఆడేది. సాయంత్రాలు సావిడికి పోవడంతో తలుపు దగ్గర నిలబడటం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు.

ఒకరోజు సావిడిలో ఎదురుగా కూర్చున్నావిడ ఆట మధ్యలో ఆగి, "అరె, కుంపటి ఆరిపోయిందే," అంది.

"ఏ కుంపటి?"

"నీదేనమ్మా. నీలంగా ఉంది. చల్లగా, ఏటినీళ్ళలా."

హైమావతి గోడ అద్దంలో చూసుకుంది. నిజమే. ఆ క్షణంలో తను తలచుకుంటున్నది సువర్చలని కాదు, మూలనున్న ఒక బంటుని. ఆరిపోయినందుకు సంతోషించాలో లేదో తెలియలేదు. ఎదుటావిడ ఇప్పుడు తన నుదురు చదవగలదు కదా అన్న దిగులు మాత్రం కాసేపు కలిగింది. అయినా ఆటలో గెలిచింది. ఇక సమయం వచ్చిందనుకుంది.

మర్నాడు సాయంత్రం వరండాలో మాస్టారి దగ్గర అడిగి తెచ్చిన పాత బల్ల పరిచింది. పాండురంగం లోపల ఊరికే కూర్చుని ఉన్నాడు. ఈమధ్య అతను పక్కింటికి బల్ల పరచమని కబురు పెట్టడం లేదని అప్పుడు గాని ఆమెకి తట్టలేదు.

"ఏవండీ, ఒక ఆట ఆడదాం రండి."

"నీకొచ్చా?"

"కూర్చోండి చెబుతాను."

కూర్చున్నాడు. నాలుగు ఎత్తులు వేశాక, అందరిలాగే పావు మీద వేలు ఆనించి ఆమె నుదుటికేసి చూశాడు. నీలం. ఇంకో పావు మీద ఆనించాడు. నీలమే. ఆమె కళ్ళు బల్ల మీదినుంచి లేవలేదు. లేస్తే ఏం కనబడుతుందోనన్న భయం ఆమెది. ఆ రంగు ఇప్పుడే చూడకూడదు, గెలిచాక చూడాలి. దాచుకుని దాచుకుని ఒకేసారి చూడాలి.

"హైమా, ఒకసారి ఇటు చూడు."

"మీ ఎత్తు వెయ్యండి."

వేశాడు. ఎందుకు వేశాడని తనని తాను అడిగింది. ఎందుకూ కాదు, ఊరికే వేశాడు. ఆ గుర్రం పోయింది. తర్వాత శకటు పోయింది. చివరికి రెండు రాజులూ ఆమె బంటూ మిగిలాయి. రాజులు మధ్యన ఒక గడి వదిలి ఎదురెదురుగా నిలబడ్డాయి. ఎత్తు అతనిది. పక్కకి తప్పుకున్నాడు. ఆమె బంటు నడుచుకుంటూ పోయి మంత్రి అయింది.

"నువ్వే గెలిచావు," అన్నాడు, రాజుని పడుకోబెట్టి.

అప్పుడు తలెత్తింది హైమావతి.

బంగారం లేదు. నీలం కూడా లేదు. అతని నుదుటి మీద నిప్పు కణకణలాడుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి నుదుట ఆ రంగు ఎప్పుడూ చూడలేదు. వేరేవాళ్ళ చొక్కా తొడుక్కున్నట్టు ఆ రంగు అతనికి నప్పలేదు.

"ఎవరు నేర్పారు?" అన్నాడు.

"పైనున్న మాస్టారు."

"రోజూ వెళ్ళేదానివా?"

"రోజూ."

"ఎప్పుడూ చెప్పలేదే."

"మీరడగలేదు."

అతను లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మగవాడు కదా, ఆడదాని చేతిలో ఓడిపోతే మండదూ అనుకుంది. అనుకుని ఊరుకోలేకపోయింది. ఆవిడ ముందు బంగారం, తన ముందు నిప్పు. ఇంత కష్టపడి నేర్చుకుంటే చివరికి దక్కింది ఇదా? దుఃఖం పొంగుకొచ్చింది. తిన్నగా పక్క వాటాలోకి నడిచింది.

సువర్చల చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"రేపటినుంచి మీరే ఆడుకోండి వదినగారూ, ఆయనతో," అంది హైమావతి నిలబడే. "నాతో ఆడితే ఆయనకి మంటే. మీతో అయితే ఆ బంగారమైనా ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఉండనివ్వండి."

సువర్చల తలెత్తి చూసింది. ముందు నవ్వు వచ్చినట్టుంది. తర్వాత ఆ నవ్వు ఎటో పోయింది. "కూర్చోండి వదినగారూ. ఈ కాయలు కాసిని వలవండి."

హైమావతి కూర్చుంది.

"అన్నయ్యగారు నాతో ఒక్కరోజైనా సరిగ్గా ఆడారనుకున్నారా? మంత్రిని ఎత్తుకుపోయినా తెలిసేది కాదు ఆయనకి. కళ్ళన్నీ నా భుజం మీదుగా మీ తలుపు మీదే. మీరొచ్చేదాకా నీలమే. మీరు చాటో చెంబో పట్టుకొచ్చి, నుదురు నిప్పు చేసుకుని ఆ తలుపుకి ఆనుకుంటారు చూడండి, అప్పుడు వెలిగేది. నా మీదుగా దీపం పెట్టినట్టు."

హైమావతి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఒకరోజు నాతో అన్నారు కూడా. అమ్మా, ఈ వయసులో నాకోసం మండే మనిషి ఉందంటే నమ్మలేకపోతున్నాను అని."

"మీతో అన్నారు. నాతో అనలేదు."

"మీ ఎదురుగానే వెలుగుతోంటే మళ్ళీ నోటితో ఎందుకనుకున్నారేమో. ఈ రోజుల్లో ఎవరు చెబుతున్నారు?" సువర్చల ఈనె తీసి పక్కన పడేసింది. "తర్వాత మీరు సావిడికి పోవడం మొదలుపెట్టారు. తలుపు దగ్గర ఎవరూ లేరు. నాలుగు రోజులు చూసి ఆయనా రావడం మానేశారు."

"మరి మీరెందుకు ఆడారు, అంతా తెలిసి?"

"సాయంత్రాలు గడవాలి కదా." ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది. "నా వీపే గదా మీకు కనబడేది. నా బొట్టు ఏ రంగులో ఉండేదో ఎప్పుడైనా అనుకున్నారా?"

హైమావతి తలూపింది, అనుకోలేదన్నట్టు.

"కుంపటే. మీదానికన్నా ఎర్రగా. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నా నుదుటికేసి అలా చూసింది లేదు, నాకోసం ఎవరూ మండిందీ లేదు. మీ ఇద్దరి మధ్యనా కూర్చుని రోజూ అది చూసేదాన్ని."

ఇద్దరూ మిగతా కాయలు వలిచారు.  వెళ్ళేముందు హైమావతి ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎలా ఉన్నారు వదినగారూ?" అని అడిగింది. చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా అడిగింది. సువర్చల చెప్పడం మొదలుపెడితే బాగా పొద్దుపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు తలుపు తీస్తూనే, "ఎలా ఉన్నావమ్మా? గెలిచావా?" అన్నాడు.

"గెలిచి ఓడాను మాస్టారూ." అలవాటు ప్రకారం తగువు చెప్పినట్టే మొదటినుంచీ చెప్పింది. "ఆయన బంగారంతో ఒక మాటన్నారు. నేను నిప్పుతో జవాబు చెప్పాను. ఆయన మళ్ళీ బంగారమే అన్నారు. నేను లేచి వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాను. ఒకసారి ఇటు చూడు అన్నారు. మీ ఎత్తు వెయ్యండి అన్నాను."

"ఎక్కడ తప్పింది?"

"మొదటి ఎత్తులోనే. బంగారం చూశాను గాని ఎందుకొచ్చిందని అడగలేదు. దాని చూపు ఎవరి మీదో చూసుకోలేదు."

మాస్టారు చేగోడీ విరిచి సగం ఆమెకిచ్చాడు. "సరే. ఆట ఇంకా అయిపోలేదు గదా. ఇప్పుడు ఎత్తు ఎవరిది?"

హైమావతి ఆ సగం చేగోడీ బల్ల పక్కన పెట్టింది. "నాదే."

ఆ సాయంత్రం వరండాలో సువర్చల బల్లే పరిచారు. ఎప్పుడూ పాండురంగం కూర్చునే పీటని హైమావతి తీసుకుంది. అక్కడినుంచి తమ ఇంటి తలుపు తిన్నగా కనబడుతుంది. ఇద్దరూ కోటలు కట్టుకున్నారు. గుర్రాలు బయటికొచ్చాయి. హైమావతి తలవంచుకునే ఆడుతోంది, సువర్చల పక్షం బంట్లు ఒక్కొక్కటే రాలుతున్నాయి.

"నన్ను కాస్త బతకనివ్వండి వదినగారూ," అంది సువర్చల. హైమావతి నవ్వింది. ఆ నవ్వు ఇంట్లోకి వినబడే ఉంటుంది.

తలుపు కిర్రుమంది. పాండురంగం కాఫీ గ్లాసు పట్టుకుని గడప మీద నిలబడ్డాడు. ఎవరికోసం తెచ్చాడో అతనికే తెలిసినట్టు లేదు. ఎప్పుడూ కాఫీ కలిపి ఎరగని మనిషి. నుదుటి మీద నిప్పు.

ఆట మధ్యలో తల ఎత్తకూడదని హైమావతికి తెలుసు. నెలల తరబడి ఎవరి ముందూ ఎత్తలేదు. ఎత్తింది. తలుపుకి ఆనుకుని, తనకోసమే, వేడివేడిగా మండుతూ నిలబడ్డ ఆ మనిషిని చూసింది. చూస్తూనే ఉండిపోయింది. ఏదో ఒక పావు జరిపింది, ఏ పావో కూడా చూసుకోలేదు.

సువర్చల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బల్ల మీద తెల్లగడులన్నీ ఒక్కసారిగా పసుపుపచ్చబడ్డాయి. ఆ వెలుగు ఎక్కడినుంచి పడుతోందో తల ఎత్తకుండానే ఆవిడకి తెలిసింది.

"వదినగారూ, మీ ఏనుగు పోతోంది," అంది మెల్లగా.

హైమావతి తల దించలేదు.